ఊరికి దూరంగా, ఒక ఒంటరి ఇంట్లో

సెలవులు దగ్గరపడగానే అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న ఎక్కడికి వెళ్దామన్నది. ఆ వెంటనే వచ్చేది, అక్కడ చూడటానికి ఏమున్నాయన్నది. పొలాల నడుమనో కొండవాలు మీదనో ఒంటరిగా నిలిచిన చిన్న ఇంట్లో కొన్నాళ్ళు గడపబోతున్నానని నేను చెప్పినప్పుడల్లా ఈ రెండో ప్రశ్న నాకు తప్పకుండా ఎదురవుతుంది. పేరు చెప్పుకోదగినదేదీ అక్కడ లేదనే నా జవాబు. అలాంటి ఇంటికి నేను ఉండటానికి వెళతాను. ఆ ఇంటిని మజిలీగా చేసుకొని పొద్దున్నే కారెక్కి, చుట్టుపక్కల జలపాతాలూ కోటలూ తిరిగి, చీకటి పడ్డాక పడక కోసం మాత్రమే తిరిగి వచ్చేవారికి బస్సు స్టాండు పక్కనున్న లాడ్జి ఇంతకంటే బాగా ఉపయోగపడుతుంది. ఆ ఇంటి దగ్గరే ఉండి, దాని నీటినీ నిప్పునూ చీకటినీ అర్థం చేసుకొంటూ వాటికి తగినట్టు రోజును మలచుకోగలిగినవారికే అది తన దగ్గరున్నదంతా ఇస్తుందని నా గట్టి నమ్మకం. ఈ వ్యాసం అలా ఉండదలచినవారి కోసం.

ఇంటిని ఎంచుకొనేటప్పుడు ఫొటోలను చూసి తృప్తి పడకూడదు. వరండాలో పడకకుర్చీ, కిటికీలోంచి కనిపించే పచ్చదనం ఏ ఫొటోలోనైనా బాగానే ఉంటాయి. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, కరెంటు పోతే ఏ ఏర్పాటు ఉంది, చివరి రెండు మూడు కిలోమీటర్ల దారి వర్షం పడినప్పుడు ఎలా ఉంటుంది, ఫోన్ సిగ్నల్ ఇంట్లోనే అందుతుందా లేక గట్టు ఎక్కాలా, పాముకాటుకు చికిత్స చేయగల ఆసుపత్రి ఎంతసేపటి ప్రయాణంలో ఉంది అన్నవి మాత్రం ఫొటోల్లో కనిపించవు. వీటిని ఇంటి యజమానిని నేరుగా అడగాలి. దూరాన్ని కిలోమీటర్లలో కాక సమయంలో అడగడం మంచిది, ఎందుకంటే మట్టిదారిలో ఇరవై కిలోమీటర్లు రాత్రివేళ గంటకు పైగా పట్టవచ్చు. ఈ ప్రశ్నలకు ఓపికగా, దాపరికం లేకుండా జవాబు చెప్పే యజమాని దొరికితే, ఇల్లు కాస్త పాతదైనా నేను దాన్నే ఎంచుకొంటాను.

మొదటి రాత్రి సరిగా నిద్ర పట్టదు. చాలామంది ఆ రాత్రిని బట్టే ఆ చోటు తమకు సరిపడదని తేల్చేసుకొంటారు. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పలచబడటం ఎవరికైనా సహజమే. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త ప్రదేశంలో పడుకొన్న మొదటి రాత్రి మెదడులోని ఒక అర్ధగోళం రెండోదానంత గాఢంగా నిద్రపోవడం లేదని, వింత శబ్దాలకు అది చప్పున స్పందిస్తూ కావలి కాస్తున్నట్టు ఉంటుందని తేలింది. అది మన శరీరం చేసే పని, ఇంటి లోపం కాదు.

ఆ కావలి కాసే మెదడుకు అక్కడ వినపడేవన్నీ కొత్త చప్పుళ్ళే. పగలంతా ఎండకు వ్యాకోచించిన దూలాలు, రేకులు రాత్రి చల్లబడి సంకోచించేటప్పుడు టప్పుమని చప్పుడు చేస్తాయి, అది పైకప్పు మీద ఎవరో నడుస్తున్నట్టే వినిపిస్తుంది. ఎక్కడో దూరాన మొరిగే కుక్క పెరటిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. నిర్మలమైన, గాలి వీచని రాత్రులలో నేల త్వరగా చల్లబడి దానిని ఆనుకొని ఉన్న గాలి పైగాలికంటే చల్లగా మారుతుంది, అప్పుడు ధ్వని పైకి చెదిరిపోకుండా కిందికి వంగి చాలా దూరం ప్రయాణిస్తుంది. కీచురాళ్ళ రొదకు కూడా ఒక లెక్క ఉంది. చుట్టూ ఉన్న వేడిని బట్టి వాటి శరీరంలోని క్రియల వేగం మారుతుంది కనుక వెచ్చని రాత్రి అవి త్వరత్వరగా, చల్లని రాత్రి నెమ్మదిగా అరుస్తాయి. ఆ అరుపులను లెక్కపెట్టి ఉష్ణోగ్రతను అంచనా వేసే సూత్రాన్ని ఏమోస్ డోల్బేర్ అనే భౌతికశాస్త్రవేత్త 1897లోనే ప్రచురించాడు. చప్పుడుకు కారణం తెలిసిన తరువాత భయం తగ్గుతుందని నేను ఊరికే అనడం లేదు. పిల్లలకు పడుకొనే ముందు ఈ సంగతులు చెబితే, ఒక్కొక్క చప్పుడు వినిపించినప్పుడల్లా అది దేనిదో తామే చెప్పడం మొదలుపెడతారు. రెండో రాత్రి, మూడో రాత్రి నిద్ర దానంతట అదే కుదురుకొంటుంది. అందుకే ఇలాంటి ఇంటికి వారాంతపు రెండు రోజుల కోసం వెళ్ళవద్దని అడిగినవారందరికీ చెబుతాను. మనసు అక్కడికి చేరేలోపే సామాను సర్దుకోవలసి వస్తుంది.

ఇక ఇంటి పనుల విషయం. నగరంలో నీళ్ళు గోడలోంచి, వెలుగు స్విచ్చులోంచి వస్తాయి, వాటికి హద్దు ఉన్నట్టు మనకు తోచదు. ఈ ఇంట్లో ఆ హద్దు కళ్ళ ముందే ఉంటుంది. సౌరఫలకాలు, బ్యాటరీల మీద నడిచే ఇల్లు అయితే ఒక చిన్న లెక్క మనసులో పెట్టుకోవాలి. 2,000 వాట్ల నీటి హీటరును పావుగంట వాడితే ఖర్చయ్యే విద్యుత్తుతో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 50 గంటలకు పైగా వెలుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే, వెలుగును పొదుపు చేసి ప్రయోజనం లేదని, వేడి పుట్టించే వస్తువులనే అదుపులో పెట్టాలని అర్థమవుతుంది. నీళ్ళూ అంతే. షవరు కింద నిమిషానికి సుమారు 8 నుంచి 10 లీటర్లు పోతాయి, బకెట్టు పెట్టుకొంటే మొత్తం స్నానమే 20 లీటర్లతో ముగుస్తుంది. బావి నీటినో ఊట నీటినో తాగవలసి వస్తే కళపెళ మరిగిన తరువాత కనీసం ఒక నిమిషం పాటు అలాగే మరగనివ్వాలి. 2,000 మీటర్లకు పైబడిన ఎత్తులో నీరు తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరుగుతుంది కనుక మూడు నిమిషాలు అవసరం. మురుగు సెప్టిక్ ట్యాంకులోకి పోయే ఇంట్లో ఘాటైన క్రిమిసంహారకాలను ధారాళంగా పోయకూడదు, ఆ ట్యాంకును నడిపించేది బాక్టీరియానే కదా!

నిప్పు గురించి మాత్రం కొంచెం నిలిచి చెప్పాలి, ఎందుకంటే ఒంటరి ఇంట్లో అన్నిటికంటే ఆహ్లాదకరమైనదీ అన్నిటికంటే ప్రమాదకరమైనదీ అదే. చలిమంట వేయడానికి పచ్చికట్టెలు పనికిరావు. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం వరకు నీరే ఉండవచ్చు; మంటలోని వేడి అంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోయి, మిగిలేది పొగ. తేమ 20 శాతం లోపుకు దిగిన కట్టె బాగా మండుతుంది. తేమను కొలిచే పరికరం లేకపోయినా, కట్టె కొనల మీద చీలికలు పడి, రెండు కట్టెలను ఒకదానితో ఒకటి తాటిస్తే ఖంగుమని మోగితే అది ఎండినట్టే. మొద్దుగా డబ్‌మంటే ఇంకా పచ్చిదే. ఎండుగడ్డి, పుల్లలు, ఆపై లావు కట్టెలు అన్న వరుసలో గాలి ఆడేలా పేర్చి వెలిగించిన మంట ముందు కుటుంబమంతా కూర్చున్నప్పుడు సాగే సంభాషణ, దీపం కింద సాగే సంభాషణ వంటిది కాదు. ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడనవసరం లేదు, అందరి చూపూ మంట మీదే ఉంటుంది, అందువల్ల మామూలుగా నోరు విప్పనివారు కూడా నెమ్మదిగా మాట్లాడతారు.

కాని పడుకొనే గదిలో కుంపటి పెట్టి తలుపులు మూయడం వంటి పని ఎన్నటికీ చేయకూడదు. బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నాయి కదా అనుకోవడమే ప్రాణాంతకం. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం కనిపిస్తే వెంటనే అందరినీ ఆరుబయటికి తీసుకువెళ్ళాలి. నిద్రలో ఉన్నవారికి ఆ సూచనలు కూడా తెలియవు. పొగగొట్టం ఉన్న పొయ్యి అయినా సరే, ఆ గొట్టం ఎప్పుడు శుభ్రం చేశారో యజమానిని అడగడంలో మొహమాటం అక్కరలేదు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడు అలారం ఒకటి సామానులో వెంట ఉంచుకొంటే ఇంకా మంచిది.

నన్ను మళ్ళీ మళ్ళీ ఇలాంటి ఇళ్ళకు రప్పించేది ఏమిటని ఎవరైనా అడిగితే, ఆలోచించకుండా చెప్పగల జవాబు ఆకాశం. 2016లో వెలువడిన, కృత్రిమ కాంతి వల్ల ప్రపంచమంతటా రాత్రి ఆకాశం ఎంత వెలిగిపోతున్నదో చూపే అట్లాసు ప్రకారం, మానవాళిలో మూడింట ఒక వంతుకు పైగా జనం తామున్న చోటి నుంచి పాలపుంతను చూడలేరు. ఆ సంఖ్యను చదివినప్పుడు నాకు కలిగిన దుఃఖం చిన్నది కాదు. మన తాతముత్తాతలు డాబా మీద పడుకొని చూసినదాన్ని మన పిల్లలు పాఠ్యపుస్తకంలో బొమ్మగా చూస్తున్నారు. ఆకాశపు చీకటిని తొమ్మిది తరగతులుగా విభజించే బార్టల్ కొలమానం 2001 నుంచి వాడుకలో ఉంది; అందులో మొదటి తరగతి అత్యంత చీకటి ఆకాశం, తొమ్మిదో తరగతి మహానగరపు ఆకాశం. మొదటి తరగతి ఆకాశం కింద ధనుస్సు, వృశ్చిక రాశుల దిక్కున పాలపుంత ఎంత కాంతిమంతంగా ఉంటుందంటే, దాని వెలుగుకే నేల మీద పలచని నీడలు పడతాయి. ఆ దిక్కునే, సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో మన గెలాక్సీ కేంద్రం ఉంది.

అయితే అంత చీకటి ఉన్నచోటికి వెళ్ళి కూడా, వరండాలో లైటు వేసుకొని, ఫోను చేతిలో పట్టుకొని ఆకాశం వైపు చూసి, చుక్కలు బాగానే ఉన్నాయని లోపలికి వెళ్ళిపోయేవారున్నారు. కన్ను చీకటికి అలవాటు పడటానికి సుమారు అరగంట పడుతుంది. మసక వెలుగులో చూపునిచ్చే దండకణాలలో రొడాప్సిన్ అనే పదార్థం మెల్లగా పోగుపడాలి, ఒక్కసారి ఫోను తెర వెలిగిస్తే ఆ కూడబెట్టినదంతా చెదిరిపోయి మళ్ళీ మొదటి నుంచి వేచి ఉండాలి. ముదురు ఎరుపు కాంతి మాత్రం ఆ కణాలను అంతగా కదిలించదు కనుక టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి. ఇంకొక చిన్న నేర్పు ఉంది. కంటి నడిబొడ్డులో దండకణాలు ఉండవు, కాబట్టి మసకగా ఉన్నదాన్ని సూటిగా కాక కాస్త పక్కకు చూస్తే అది స్పష్టపడుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశంలో ఉండే నెలల్లో దాన్ని ఈ విధంగానే పట్టుకోవాలి. చిన్న మబ్బుతునకలా కనిపించే ఆ వెలుగు అక్కడి నుంచి బయలుదేరి సుమారు 25 లక్షల సంవత్సరాలైంది, భూమి మీద మన జాతి మనుషులు ఇంకా లేని కాలమది. ఏ పరికరమూ లేకుండా, ఇంటి ముందు చాప మీద పడుకొని, కేవలం కంటితో అంత దూరం చూడగలగడం ఎంత గొప్ప సంగతి! అందుచేత తేదీలు నిర్ణయించుకొనే ముందు పంచాంగమో క్యాలెండరో చూసి అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజులను పట్టుకోవాలని సలహా ఇస్తాను. పున్నమికి వెళ్ళేవారికి పాలపుంత దక్కదు కాని, దీపం లేకుండా పొలంగట్టు మీద నడవగలిగే వెన్నెల దక్కుతుంది, దానినీ తక్కువ చేయలేను.

చీకటిని ఇలా చీకటిగా వదిలేస్తే నిద్రవేళ కూడా మారుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలోని కెనెత్ రైట్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో, వారం రోజుల పాటు విద్యుద్దీపాలు లేకుండా ఆరుబయట గుడారాల్లో గడిపినవారి జీవగడియారం దాదాపు రెండు గంటలు ముందుకు జరిగి, సూర్యాస్తమయ సూర్యోదయాలకు దగ్గరగా వచ్చింది. వారిలో సహజంగా రాత్రి పొద్దుపోయేదాకా మేలుకొనేవారు కూడా త్వరగా పడుకొనేవారికి దగ్గరయ్యారు. పరిశీలించినది ఎనిమిది మందినే అయినా, ఒంటరి ఇంట్లో కొన్నాళ్ళు గడిపినవారెవరికైనా అది తమ అనుభవంలాగే తోస్తుంది. తొమ్మిదికే కళ్ళు బరువెక్కుతాయి, తెల్లవారుజామున పక్షుల కూతలు మొదలైన సమయానికి అలారం లేకుండానే మెలకువ వస్తుంది. ఆ కూతలు వెలుగు రాకముందే మొదలై, పొద్దు బాగా ఎక్కేసరికి పలచబడతాయి. ఆలస్యంగా లేచేవారికి అవి ఎన్నటికీ వినపడవు.

పగలు ఏం చేయాలన్న దిగులు రెండో రోజు మధ్యాహ్నం పట్టుకొంటుంది. ఫోను పనిచేయదు, చదవడానికి తెచ్చుకొన్న పుస్తకం మీద మనసు నిలవదు, పిల్లలు విసుగ్గా ఉందంటారు. ఈ ఘట్టంలోనే చాలామంది కారు తాళాలు తీసుకొంటారు. దయచేసి తీసుకోకండి. ఆ విసుగును కాసేపు అలాగే ఉండనిస్తే, పిల్లలు చీమలబారు ఎక్కడికి పోతున్నదో వెతుక్కుంటూ వెళతారు, పెద్దలు కిటికీ పక్కన కూర్చొని చెట్ల వైపు చూస్తూ ఉండిపోతారు. చెట్ల వైపు చూస్తూ కూర్చోవడం వృథా కాలక్షేపమని అనుకొనేవారికి రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనాన్ని గుర్తు చేస్తాను. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం తొలగించే శస్త్రచికిత్స జరిగినవారిలో, కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు ఇటుక గోడ మాత్రమే కనిపించిన రోగులకంటే త్వరగా ఇంటికి వెళ్ళారు, వారికి బలమైన నొప్పి మందుల అవసరం కూడా తక్కువ పడింది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ దృశ్యం ఇంకెంత మేలు చేయగలదో!

జాగ్రత్తలను కొద్దిగానే ప్రస్తావిస్తాను. రాత్రి గుమ్మం దాటితే టార్చి, పాదాలను పూర్తిగా కప్పే చెప్పులు తప్పనిసరి. బయట విడిచిన బూట్లను దులపకుండా తొడుక్కోకూడదు. పాము కరిస్తే గట్టిగా కట్టు బిగించడం, గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం అన్నీ హాని చేసేవే. కరిచిన చోటును కదలనీయకుండా ఉంచి, వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చడమే చేయవలసింది. ఆ ప్రాంతపు మ్యాపును ఊరిలో ఉండగానే ఫోనులోకి దింపుకొంటే, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ ఉపగ్రహాల సాయంతో మనం ఎక్కడున్నామో అది చూపుతూనే ఉంటుంది. మన నెట్‌వర్కు అందనిచోట కూడా, మరే కంపెనీ టవరైనా అందుబాటులో ఉంటే అత్యవసర నంబరుకు చేసే కాల్ దాని ద్వారా వెళుతుంది. ఏ టవరూ అందని చోటైతే, ఎప్పటికి తిరిగి వస్తామో బయలుదేరేముందే ఒకరికి చెప్పి ఉంచాలి.

చుట్టుపక్కల ఉన్నవారి పట్ల మర్యాద కూడా అంతే ముఖ్యం. మనకు అది విడిది, వారికి అది పని చేసుకొనే చోటు. తెరిచి ఉన్న కంచె తలుపును తెరిచే ఉంచాలి, మూసి ఉన్నదాన్ని దాటాక మళ్ళీ మూయాలి. పశువులు ఎటు వెళ్ళాలో ఆ తలుపే చెబుతుంది. పైరు మధ్య నుంచి అడ్డదారిన నడవకూడదు, స్పీకర్లలో పాటలు పెట్టకూడదు. ధ్వని రాత్రివేళ ఎంత దూరం పోతుందో పైన చెప్పాను కదా, మన పాట మన వరండాలో ఆగదు. దారిలో ఎదురైనవారిని ముందుగా మనమే పలకరిస్తే, వాన వచ్చేదీ రానిదీ, ఏ గట్టు మీద జారుతుందో, ఏ చెరువు లోతో వారే చెబుతారు, అంతకంటే నమ్మదగిన సమాచారం మరెక్కడా దొరకదు.

తిరుగు ప్రయాణాన్ని ఉదయానికే పెట్టుకోవడం మేలు. మట్టిదారిని పగటి వెలుగులో దాటవచ్చు, ఇంటిని తొందర లేకుండా సర్దవచ్చు. పొయ్యిలోని బూడిద చల్లగా కనిపించినా దాని లోపల నిప్పు ఒకటి రెండు రోజులైనా బతికి ఉండవచ్చు కనుక, నీళ్ళు పోసి కలిపి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఇంటికి ఎడంగా పెట్టాలి. ప్లాస్టిక్కు చెత్తనంతా మనతోనే వెనక్కి తెచ్చుకోవాలి, అక్కడికి చెత్త బండి రాదు. వాడిన కట్టెలకు బదులు కొత్తవి చూరు కింద పేర్చి, ఏ కుళాయి కారుతున్నదో, ఏ కిటికీ గొళ్ళెం పట్టడం లేదో ఒక కాగితం మీద రాసి యజమానికి అందజేయాలి. అలా రాసి ఇచ్చినవి ఒక్కొక్కటే బాగుపడటం తరువాత వెళ్ళినప్పుడు చూశాను.